రాష్ట్రేతరాంధ్రుల గ్రంథాలయములు - చదివించు కథలు

తెలుగువారి గ్రంథాలయ చరిత్రమున మూడు సంవత్సరములు ముఖ్యముగా స్మరింపదగినవి. 1901లో నిజాము పాలనలోనున్న హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో బెజవాడయందు అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో గ్రంథాలయ మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడినది. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవకెక్కించి కాలువ వెంబడి పల్లెలకు పంపిరి. వీనిలో మొదటిదియు మూడవదియు రాష్ట్రేతరాంధ్రులకు ప్రత్యేకముగా పాఠము చెప్పుచున్నవి. పాలనాభాష వేరైనచోట తెలుగు పుస్తకమును నిలుపుకొనుట సాధ్యమేయని మొదటిది చూపినది. చదువరి రానిచో పుస్తకమే అతని కడకు పోవలెనని మూడవది నేర్పినది.

నేడు బళ్ళారి, బెంగుళూరు, హోసూరు, చెన్నపట్టణము, బరంపురము, షోలాపురము, ముంబయి మొదలగు చోట్ల తెలుగు సంఘముల గ్రంథాలయములకు ఈ రెండు పాఠములును అవసరమే. బీరువాలలో పుస్తకములకు కొదువలేదు. పురాణములు, ప్రబంధములు, శతకములు, మహనీయుల జీవితచరిత్రములు వరుసగా నున్నవి. కొరతయెల్ల వానిని తీయు చేతులదే. 1936లో ఒడిషా రాష్ట్ర మేర్పడినపుడు బరంపురమును, 1953లో బళ్ళారియు, 1960లో తిరుత్తణియు ఇతరభాషా రాష్ట్రములలో చేరినవి. అంతకు పూర్వమే శతాబ్దులుగా దక్షిణమున స్థిరపడిన కుటుంబములును లెక్కలేనన్ని యున్నవి. 2006లో తమిళనాట చేసిన చట్టము 1వ తరగతి మొదలు 10వ తరగతి వరకు తమిళమును నిర్బంధ పాఠ్యాంశము చేసినది. కారణములు ప్రాంతమునకొక తీరుగా నున్నను ఫలితము చాలచోట్ల నొక్కటే: తాత తెలుగు చదువును, తండ్రి అక్షరములు గుర్తుపట్టును, మనుమడు తెలుగు మాటలాడును గాని చదువలేడు. యానామున తెలుగు నేటికిని ఊరి వ్యవహారభాష కావున అచట చిక్కు లిపిది కాదు, చదువు అలవాటుది.

ఇట్టి స్థితిలో గ్రంథాలయాధికారి పదునాలుగేండ్ల బాలునికిగాని నలువదియేండ్ల గృహిణికిగాని ఏ పుస్తకమును చేతికీయవలెను? సాధారణముగా ఈయబడునది "చదువవలసిన" పుస్తకము. కాని కర్తవ్యబుద్ధితో తెరచిన పుస్తకము పదవపుటకడనే మూతపడుచున్నది. లిపియందు తడబాటు కలవానికి ప్రతి పంక్తియు శ్రమయే. ఆ శ్రమకు తగిన కూలి అప్పటికప్పుడు ముట్టవలెను. ఆ కూలి నవ్వు కావచ్చును, భయము కావచ్చును, తరువాత నేమగునోయను ఆతురత కావచ్చును. కావున ఇట్టి గ్రంథాలయమున కథాసాహిత్యమును ఎన్నుటకు ఆనందమే తొలి ప్రమాణము కావలెను. గ్రంథాలయశాస్త్రమునకు సూత్రములు కూర్చిన రంగనాథన్ గారును 1931నాటికే చదువరి అవసరమును పుస్తకభద్రతకంటె ముందుంచిరి. ఈ ప్రమాణముతో కొన్ని తెలుగు కథాగ్రంథములను ఇచట పరిశీలింపవచ్చును.

మొదట కౌమారవయస్కుల సంగతి. 1947 జూలైలో మదరాసునుండి వెలువడిన చందమామ, తెలుగునాటికి వెలుపల పుట్టి తెలుగు పిల్లలకెల్ల చదువు నేర్పిన పత్రిక. అది నేడు లేదు. కాని అందు దాసరి సుబ్రహ్మణ్యము గారు వ్రాసిన ధారావాహికలు, తోకచుక్క, మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గము మొదలగునవి, నేటికిని చెక్కుచెదరలేదు. వాని గుణమెట్టిది? వాక్యము చిన్నది. వర్ణన ఒకటి రెండు పంక్తులను మించదు. ప్రతి భాగమును ఏదో యొక ప్రమాదముకడ ఆగును. నెలనెలయు చదువరిని తిరిగి రప్పించుటకై పన్నిన ఆ నేర్పు, నేడు లిపితో కుస్తీపట్టు బాలుని పుట తిప్పించుటకును పనికివచ్చుచున్నది. లోపమును లేకపోలేదు. పాత్రలకు లోతు తక్కువ. ఒక కథలోని మాంత్రికుడు మరియొక కథలోని మాంత్రికునికి తమ్మునివలె తోచును. అయినను, చదువుట అలవడనివానికి పాత్రపోషణముకంటె కథాగమనమే ముందు కావలసినది.

రెండవ మెట్టున ముళ్ళపూడి వేంకటరమణగారి బుడుగు నుంచవచ్చును. ఇందొక విశేషము కలదు. బుడుగు మాటలు పిల్లవాడు పలికినట్లే వ్రాయబడినవి, వ్యాకరణమునకు లొంగవు. ఒత్తులు, దీర్ఘములు సరిగా చదువలేనివాడు పుస్తకమును పైకి చదివినచో ఆ తడబాటే హాస్యమున కలిసిపోవును. తప్పు చదువుదునేమోయను సిగ్గును పోగొట్టు పుస్తకము ఇంతకు మించి యుండదు. బాపుగారి బొమ్మలు మాట తెలియనిచోట భావము చెప్పును. ఐతే సీగానపెసూనాంబతోను బామ్మతోను నిండిన ఆ యింటి వాతావరణము ఒక తరమునాటి పట్టణపు మధ్యతరగతిది. నేటి షోలాపురపు నేతకారుల వాడలో పెరుగు బాలునికి అది కొంత దూరముగా తోచవచ్చును. ఆ దూరమును పెద్దలు ప్రక్కనుండి పూరింపవలెను.

ఇక మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టరు పార్వతీశము. మొదటి భాగము 1924లో వెలువడినది. మొగలితుర్రు కుర్రవాడు బారిస్టరు కావలెనని సీమకు బయలుదేరుటయే కథ. ఈ నవలను కేవలము హాస్యగ్రంథమని పొగడి విడుచుట పరిపాటి. రాష్ట్రేతరాంధ్ర పాఠకునికి ఇందు మరియొక రుచి కలదు. తనది కాని భాష నడుమ, తనకు తెలియని మర్యాదల నడుమ నిలిచిన మనుష్యుని అవస్థయే ఇందలి హాస్యమునకు మూలము. స్త్రీల టోపీని పురుషుల టోపీయని కొని ధరించిన పార్వతీశమును చూచి నవ్వువాడు, తన తాత తొలిసారి క్రొత్త యూరి సంతలో మాట తెలియక పడిన తికమకను తలచుకొనకపోడు. పార్వతీశము తన అజ్ఞానమును తానే చెప్పుకొనును, ఎవరిని నిందింపడు. ఆ సౌజన్యమే పుస్తకమును కాపాడినది. మూడు భాగములును ఒక్కయెత్తున లేవు. మొదటిది ప్రధానముగా ప్రయాణకథ. అందు వేగము కలదు. స్వదేశమునకు మరలిన పిదప నడచు మూడవ భాగమున హాస్యము పలుచబడి కాలచరిత్రము చిక్కబడినది. బాలురకు మొదటి భాగమే యిచ్చి, తక్కినవి వారు అడిగినపుడే యిచ్చుట మేలు.

వయోజనులలో చదువుటకు తీరిక తక్కువైనవారికి చిన్న కథలే శరణ్యము. సత్యం శంకరమంచిగారి అమరావతి కథలు నూరు. ఒక్కొక్కటి కొలది పుటలలో ముగియును. ఒక యూరు, ఒక కృష్ణ, ఒక గుడి; వీని చుట్టును నూరు జీవితములు తిరుగుచున్నవి. అన్నియు వరుసగా చదివినచో మాధుర్యము మొగము మొత్తును. కొన్ని కథలు ముగింపున కంటతడి పెట్టించుటకే వ్రాసినట్లు తోచును. కాని రోజునకొకటి చొప్పున చదువుటకు ఇవి తగినవి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వడ్లగింజలు, గులాబీ అత్తరు వంటి పెద్దకథలు అటుపిమ్మట చదువదగినవి. అందు కథ నడచునది చాలవరకు సంభాషణలమీదనే. గోదావరి మండలపు పలుకు పొందికను చెవికి వినిపించుటలో శాస్త్రిగారికి సాటి అరుదు. మాటలాడుట వచ్చి చదువుట రానివారికి ఎవరైన పైకి చదివి వినిపించుటకు ఇవి మిక్కిలి అనువైనవి.

ఇచట నొక ముఖ్యవిషయము ఆలోచింపవలెను. రాష్ట్రేతరాంధ్రుల పిల్లలు ఇంట నేర్చిన తెలుగు, పత్రికలలోని తెలుగు కాదు. హోసూరు తెలుగునకు ఒక తీరు, కోవిల్‌పట్టి పల్లెల తెలుగునకు ఒక తీరు, బరంపురపు తెలుగునకు మరియొక తీరు కలవు. అచ్చుతెలుగు చూచినపుడు "మన మాటలాడునది తెలుగే కాదేమో" యను శంక వారికి కలుగుచున్నది. ఈ శంకయే చాలమందిని పుస్తకమునకు దూరము చేసినది. దీనికి మందు ఉపన్యాసమున లేదు; మాండలికమున వ్రాసిన మంచి కథయందున్నది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి పచ్చనాకు సాక్షిగా, చిత్తూరు సీమ పల్లెపలుకులో నడచును. స.వెం. రమేశ్ గారి ప్రళయకావేరి కథలు, రెండు రాష్ట్రముల సరిహద్దున నున్న పులికాటు సరస్సు పరిసరములలోని చెట్లు, చేపలు, పక్షులు, వంటల పేర్లతో నిండియున్నవి. మహమ్మద్ ఖదీర్‌బాబుగారి దర్గామిట్ట కతలు, నెల్లూరు సీమ ముస్లిము ఇంటి బాల్యమును నవ్వుచు చెప్పును. ఇంటిభాష ఒకటియు బడిభాష ఒకటియునైన బాలునికి ఆ కథలలో తన ముఖము కనబడును. ఈ పుస్తకములలో కొన్ని మాటలు కోస్తా పాఠకునికి తెలియకపోవచ్చును. అవే మాటలు హోసూరు అవ్వకు నిత్యవ్యవహారము. పుస్తకము చదువు మనుమడు అర్థము కొరకు అవ్వను అడుగవలసివచ్చినచో, అది పుస్తకమునకు లోపము కాదు, లాభము.

గంభీరమైన నవలలోను ఆనందముండును. డాక్టరు కేశవరెడ్డిగారి అతడు అడవిని జయించాడు 1984 నాటిది. తప్పిపోయిన చూలిపందిని వెదకుచు అడవిలో ప్రవేశించిన ముసలివాని కథ. పాత్రలు మిక్కిలి కొలది, కాలము స్వల్పము, ప్రమాదము ప్రతిక్షణము. నీతిబోధ లేకయే మనుష్యుని పట్టుదలను ఇంత ఉత్కంఠతో చూపిన చిన్న నవలలు తెలుగున కొలదిగానే యున్నవి. పదునారేండ్లవారును అరువదియేండ్లవారును దీనిని ఒక్కరాత్రిలో చదివి ముగింపగలరు. బరంపురమున జన్మించిన ఉప్పల లక్ష్మణరావుగారి అతడు-ఆమె దీనికి భిన్నము. దినచర్యల రూపమున నడచు పెద్ద నవల. ఓపిక గల వయోజనులకే తగును. ఒకే సంసారమును ఇద్దరి కన్నులతో చూచు తమాషా అందు కలదు. ఒడిషాలోని తెలుగువారు తమ యూరివాడు వ్రాసిన పుస్తకమని చేతికెత్తుకొనుటకైనను దానిని ముందువరుసలో నుంచవలెను.

మరి వ్యాపారనవలల మాట యేమి? యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ, కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెపుస్తకముల అంగళ్ళలో నలిగినంతగా ఏ కావ్యమును నలుగలేదు. విమర్శకులు వీనిని తేలికచేయుదురు. ధనికుడైన నాయకుడు, ఆత్మాభిమానము గల నాయిక, నడుమ అపార్థము, చివర కల్యాణము - ఈ మూస నిజమే. కాని ఆ మూసయే ఎందరో స్త్రీలచేత వారమువారము తెలుగు చదివించినది. ఆ చదువు అలవాటుతో పిదప గంభీరగ్రంథములకు పోయినవారు కలరు, పోనివారును కలరు. పోనివారు సయితము తెలుగు చదువుట మరువలేదు. రాష్ట్రమునకు వెలుపల ఇది అల్పలాభము కాదు. గ్రంథాలయము ఇట్టి నవలలకు తలుపు మూసినచో చదువరి మెరుగైన పుస్తకమునకు పోవునని నమ్ముటకు ఆధారము లేదు; అతడు చదువుటయే మానును.

చివరగా, తెలుగు గ్రంథాలయమున నుంచదగిన ఒక తమిళ నవల కలదు. కోవిల్‌పట్టి చెంత ఇడైసెవల్ గ్రామమున తెలుగింట పుట్టి తమిళమున వ్రాసిన కి. రాజనారాయణన్ గారి గోపల్ల గ్రామం 1976 నాటిది. తెలుగుదేశము విడిచి దక్షిణమునకు తరలివచ్చిన కుటుంబముల కథను అందు ముసలి అవ్వ నోట వినవచ్చును. దాని తరువాయి నవలకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. తెలుగు లిపి రాని తమిళనాటి తెలుగు బాలుడు తన పూర్వుల కథను తనకు వచ్చిన లిపిలో మొదట చదువుకొనుట తప్పు కాదు. తాము ఎచటనుండి వచ్చితిమో తెలిసినవానికే ఆ చోటి భాషను చదువవలెనను కోరిక కలుగును. తెలుగు సంఘపు బీరువాలో తమిళ పుస్తకమేలయని ఆక్షేపించువారు, పడవమీద పుస్తకములు పంపినవారి బుద్ధిని తలచుకొనవలెను. చదువరి యున్న గట్టునకు పడవ పోవలెను గదా!

పై గ్రంథములన్నియు సమానమైనవి కావు. సమానమని చెప్పుట విమర్శ కానేరదు. చందమామ ధారావాహికకును కేశవరెడ్డిగారి నవలకును కళలో చాల అంతరమున్నది. కాని మెట్లలో క్రిందిది లేక పైది లేదు. సంఘములు ఏటేట ఉత్సవములకు వెచ్చించు ధనమున కొలదిభాగముతో ఈ పుస్తకములను ఒక్కొక్కటి రెండుమూడు ప్రతులు కొని, తాళము లేని బీరువాలో, పిల్లల చేతికందు ఎత్తున నుంచవచ్చును. వారమునకొక సాయంకాలము చదువగలిగినవా రొకరు ఒక కథను పైకి చదువవచ్చును. కథను మంచిపట్టున ఆపి, పుస్తకమును బల్లమీద విడిచిపోవలెను. తరువాయి తెలిసికొనగోరి ఒక్క బాలుడైనను అక్షరము కూడబలుకుకొనుచు ఆ పుట తిప్పినచో ఆ సాయంకాలపు శ్రమ ఫలించినట్లే.