కుందేలు కంట్లో దొరికిన జవాబు

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ 1947లో లుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చాడు. ఆ మందు మన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం చేతి చలవ. అది నేరుగా క్యాన్సర్ కణాన్నే కొట్టింది. అదే ఆసుపత్రిలో సర్జన్ జూడా ఫోక్‌మన్ చూపు మాత్రం కణం చుట్టుపక్కలకు మళ్లింది. క్యాన్సర్ గడ్డ ఎదగాలంటే కొత్త రక్తనాళాలు కావాలి, అవి రాకుండా చేస్తే గడ్డ ఆగుతుందని ఆయన 1971లో రాశాడు. నమ్మినవాళ్లు తక్కువ. ఆ నాళాలు ఉత్త వాపు వల్ల వచ్చినవేనన్నారు.

వాదనతో తేలే తగవు కాదది, కంటికి కనబడాలి. అందుకు ఆయన బృందం ఎంచుకున్న చోటు చూస్తే నాకిప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది: కుందేలు కన్ను.

మైకేల్ గింబ్రోన్‌తో కలిసి చేసిన ఆ ప్రయోగం 1972లో అచ్చయింది. కంటి ముందరి పొర కార్నియాకీ, రంగు పొర ఐరిస్‌కీ నడుమ నీరు నిండిన చిన్న గది ఉంది, అందులో నాళాలుండవు. గడ్డలోంచి తీసిన పిసరంత ముక్కను ఐరిస్‌కు తగలకుండా ఆ నీళ్లలో వదిలారు. కొంచెం పెరిగి, మిల్లీమీటరు కూడా దాటకుండా ఆగింది. చావలేదు. అంచున కణాలు పుడుతూనే ఉన్నాయి, నడుమ ఆకలికి చస్తూ ఉన్నాయి. అదే గడ్డలోని మరో ముక్కను నాళాలున్న ఐరిస్ మీద పెడితే నాళాలు లోపలికి చొరబడ్డాయి, చూస్తుండగానే బలిసింది. ఇక్కడితో ఆపినా సరిపోయేది. వాళ్లు ఆగలేదు. నీళ్లలో నిద్రపోతున్న ముక్కను తీసుకెళ్లి ఐరిస్‌కు ఆనించారు. అదీ లేచింది! విత్తనంలో లోపం లేదు, నేల తగల్లేదంతే. ఇంత శుభ్రమైన రుజువు నేను ఎక్కువ చూడలేదు.

నాళాల్ని పిలిచే ప్రోటీన్లలో ముఖ్యమైన వీఈజీఎఫ్‌ను నెపోలియోన్ ఫెరారా 1989లో పట్టుకున్నాడు. దాన్ని అడ్డుకునే మందు బెవాసిజుమాబ్‌ను ఇతర చోట్లకు పాకిన పెద్దపేగు క్యాన్సర్‌కు వాడేందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. రోగులకు కలిసొచ్చిన ఆయుష్షు ఎక్కువగా నెలల్లోనే. రొమ్ము క్యాన్సర్‌కిచ్చిన అనుమతిని 2011లో వెనక్కి తీసుకున్నారు. గడ్డ ఇరుగుపొరుగు అంత తేలిగ్గా లొంగదు.

నా మనసు మాత్రం 1974 నాటి మరో కుందేలు కంటి దగ్గరే నిలిచిపోతుంది. ఈసారి కార్నియాలోనే చిన్న జేబు కోసి ముక్కను దాచారు. అద్దంలాంటి పొర కదా, మళ్లీ కోయకుండానే రోజూ చూడొచ్చు. కొన్నాళ్లకు కార్నియా అంచు నుంచి సన్నటి ఎర్ర దారాలు బయల్దేరాయి, ముక్క ఎటుందో అటే సాగాయి. అవి చేరేదాకా పల్చగా పడున్న ముక్క, అవి తగిలాక ఒక్కసారిగా ఉబికింది.