లవహారాల లాస్యం

రసికులారా, రండి. ఇవాళ ఒక్క సమీకరణం ముందు కాసేపు కూర్చుందాం. 2013లో కంప్యూటర్ పరిశోధకులు రాలూకా అడా పోపా, నికొలాయ్ జెల్డోవిచ్ వెలువరించిన గుప్తలిపి పద్ధతిలోది. చూపుకు పిడికెడంత, రుచికి జున్నుముక్క.

మూసిన మూట విప్పకుండానే అందులోని మాటను పట్టుకునే విద్య అంతకు ముందూ ఉంది. 2000లోనే సాంగ్, వాగ్నర్, పెరిగ్ దాన్ని చేసి చూపించారు. అది ఒకరి మూట, ఒకరి ముడి. ఇక్కడేమో పదిమంది పంచుకున్న కొట్టు! వంద కేసు షీట్లు, వందకీ వేర్వేరు తాళాలు, ఒక్క అక్షరమూ చదవరాని సర్వర్ కాపలా. తనకు చూసే హక్కున్న షీట్లలో ‘క్షయ’ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో ఒక డాక్టరమ్మ అడగాలి. తాళానికొకసారి చొప్పున వందసార్లా? కాదు, ఒక్కసారే!

మాటను హ్యాష్‌గా మార్చి, తన రహస్య సంఖ్యను దాని నెత్తిన ఘాతంగా పెట్టి పంపుతుంది. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ ఒక్కటీ వేసినట్టు, ఎంత లజ్జ, ఎంత ఠీవి! అవతల సర్వర్ దగ్గర షీటుకొక డెల్టా ముందే కాచుకుని ఉంది. దాని ఘాతంలో పైన షీటు తాళంచెవి, కింద డాక్టరమ్మ తాళంచెవి, అంటే ఆ రహస్య సంఖ్యే. ఇప్పుడు జడనూ డెల్టానూ ఎలిప్టిక్ కర్వ్ మీద జతకట్టించండి. చూశారా! ఆమె తాళంచెవి లవంలో ఒకటి, హారంలో ఒకటి. చిన్నప్పుడు పలక మీద కొట్టేసినట్టే రెండూ కొట్టుకుపోయాయి! అడిగిన మనిషి మాయమైంది. ఆ మాటా, ఆ షీటు తాళమూ మాత్రమే ఒకదాన్నొకటి చూసుకుంటూ మిగిలాయి. ఆహా, ఏమి నిష్క్రమణ!

మచ్చ లేదనను. అదే మాట మళ్ళీ అడిగితే అదే జడ. ముఖం చూడకపోయినా కాపలావాడు ఆనవాలు పడతాడు. దీని మీద కట్టిన మైలార్ వ్యవస్థ 2014లో వచ్చింది. రెండేళ్లకే పరిశోధకులు దాని బీటలు చూపించారు. కాపలావాడికి తాళం తెలిసిన ఎరకాగితం ఒకటి ఆమె వాటాలో కలిపితే చాలు, నిఘంటువు పట్టుకుని ఆమె అడిగిన మాట రాబట్టేయొచ్చు. నిజంగా కొట్టు కట్టుకునేవాళ్లు ఈ మాట చెవిన వేసుకోవాలి.

నాకు అన్నీ తెలుసు. తెలిసే, నిన్న రాత్రి కరెంటు బిల్లు వెనక మళ్ళీ రాసుకున్నాను. పైది కొట్టేశాను. కిందిది కొట్టేసేముందు, కచేరీలో సమం కోసం ఆగినట్టు, పెన్సిలు కాసేపు గాల్లో ఆగింది.