రంగు చెప్పని జాతి

పిల్లి జాతిని గుర్తుపట్టాలంటే ముందు తల చూడాలి. పుర్రె వెడల్పు, మూతి పొడవు, చెవుల మధ్య ఎడం, కళ్లు గుండ్రమా కోలా అన్నవి చూశాక ఒళ్లు, తోక, బొచ్చు. రంగు అన్నిటికన్నా చివర. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వియర్ పిల్లుల ప్రదర్శన నిర్వహించిన తర్వాతే ఈ కొలమానాలు స్థిరపడుతూ వచ్చాయి. ఇప్పటికీ లోకంలోని పిల్లుల్లో ఎక్కువ వాటికి జాతి అంటూ లేదు.

చెన్నై కాసిమేడు చేపల రేవులోనూ మైలాపూరు మాడవీధుల్లోనూ తిరిగేవి అలాంటివే. సన్నని ఒళ్లు, పొట్టి బొచ్చు. నుదుట ‘ఎం’ అక్షరంలాంటి గీతలు ఉంటే ఏదో విదేశీ జాతి అనుకుంటారు కాని, చారల పిల్లులన్నిటికీ అవి ఉంటాయి. నలుపు, నారింజ, తెలుపు కలిసిన పిల్లి సంగతీ అంతే. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కనుక మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. అంటే ఆ రంగును బట్టి ఆడా మగా తెలుస్తుంది, జాతి తెలియదు.

కొని పెంచుకునేవాటిలో పర్షియన్ బాగా పరిచితం. గుండ్రని పెద్ద తల, నిండు బుగ్గలు, ఎడంగా ఉన్న చిన్న చెవులు, పెద్ద గుండ్రని కళ్లు, పొట్టి కాళ్లు, పొట్టి తోక దాని లక్షణాలు. మూతి కాస్త ముందుకు ఉంటే డాల్ ఫేస్ అనీ, బాగా నొక్కుకుపోతే పంచ్ ఫేస్ అనీ అమ్మేవాళ్లు అంటారు. పొడుగు బొచ్చు ఒక్కటే చూసి పర్షియన్ అనుకోకూడదు. పొడుగు బొచ్చు జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే బొచ్చు పొడుగవుతుంది. వీధి పిల్లుల్లోనూ అది దాగి ఉండవచ్చు. ముక్కు పొడుగ్గా, ఒళ్లు సన్నగా ఉన్న బొచ్చు పిల్లికి పర్షియన్ ధర పెట్టనక్కర్లేదు. పంచ్ ఫేస్‌కు మరీ ఎక్కువ పెట్టడం అసలే తగదు. అణగిన ముక్కుతో ఊపిరి ఆడటం కష్టం, కళ్ల నీరు కారుతూనే ఉంటుంది, మే నెల ఎండల్లో ఆ బాధ ఇంకా పెరుగుతుంది.

సయామీస్‌ది కోల త్రికోణపు తల, పెద్ద చెవులు, నీలి కళ్లు, పొడవైన సన్నని ఒళ్లు. చెవులు, మూతి, పాదాలు, తోక మాత్రం ముదురు రంగు. దాని ఒంట్లో రంగు తయారుచేసే ఎంజైము వెచ్చదనంలో పనిచేయదు, చల్లగా ఉండే అంచుల్లోనే పనిచేస్తుంది. అందుకే తల్లి కడుపులోని వెచ్చదనం నుంచి వచ్చిన కూనలు తెల్లగా పుట్టి, తర్వాత ముదురుతాయి. చెన్నై ఉక్కలో పెరిగిన సయామీస్ ఏసీ గదిలో పెరిగినదానికన్నా లేత రంగులో ఉండవచ్చు. ఇదే రంగు పర్షియన్ ఒంటి మీద ఉంటే అది హిమాలయన్. మామూలు వీధి పిల్లికి వస్తే అది వీధి పిల్లే.

తల, ఒళ్లు, బొచ్చు మూడూ ఒకే జాతిని సూచించినా, వంశావళి పత్రం లేకుండా ఆ జాతిపేరు ఖాయం కాదు. అలాంటి పొట్టి బొచ్చు పిల్లులను పశువైద్యులు సాధారణంగా డొమెస్టిక్ షార్ట్‌హెయిర్ అని రాసుకుంటారు.