ఎండ లేని రోజు లెక్క

సోలార్ అనగానే అందరికీ ఎండ గుర్తొస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో బ్యాటరీల మధ్య బతికే నాకు ముసురు గుర్తొస్తుంది. కరెంటు తీగ చేరని కాలువ గట్టున నీటిమట్టం కొలిచే పెట్టెకి ప్యానెల్ బిగించడం పెద్ద పనేం కాదు. రోళ్లు పగిలే ఎండల్లో ఏ ప్యానెలైనా పనిచేస్తుంది. కానీ ఆ పెట్టె చెప్పే కబురు కోసం జనం ఎదురుచూసేది ఎండల్లో కాదు, తుపాను పట్టి నాలుగైదు రోజులు సూర్యుడి మొహం కనబడనప్పుడు. ఆ పూట పలకని పెట్టె ఉన్నా లేనట్టే.

మా దగ్గరికి ఈ పెట్టెలు బిగించే కాంట్రాక్టర్లు కూడా వస్తుంటారు. వాళ్లు ముందు అడిగేది దాదాపు ఒకటే: "మేస్త్రీ గారూ, లోడ్ చాలా తక్కువ. పాత లారీ బ్యాటరీ ఏదైనా ఉంటే చూడండి." ఇవ్వను. లారీ బ్యాటరీలో ప్లేట్లు పల్చన. సెల్ఫ్ కొట్టిన నాలుగు క్షణాలు వందల ఆంపియర్లు ఇచ్చి, వెంటనే బండి నడుస్తుండగా మళ్లీ నిండిపోవడానికి చేసిన సరుకది. దాన్ని రోజుల తరబడి కొంచెం కొంచెంగా లాగి ఖాళీ చేయడం పహిల్వాను చేత కావడి మోయించడమే. ఇక్కడ కావలసింది మందపాటి ట్యూబులర్ ప్లేట్ల బ్యాటరీ.

లెక్క కూడా కష్టమేం కాదు. లాగరు, నీటిమట్టం చూసే రాడార్ సెన్సరు, సిమ్ పెట్టిన మోడెమ్ అన్నీ కలిసి సగటున 100 మిల్లీ ఆంపియర్లు లాగుతాయనుకుందాం. రోజుకి 2.4 ఆంపియర్-అవర్లు. ఎండ మొహం చూడకుండా 10 రోజులు నడవాలంటే 24. బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి 48. ఆ పైసైజు తీసుకుంటే నిశ్చింత. ఇక ప్యానెల్. రోజు ఖర్చు 29 వాట్-అవర్లు. 10 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో 50 దాకా ఇస్తుంది, చాలు కదా అంటారు. ముసురు పట్టిన రోజున రాబడి ఐదో వంతుకో పదో వంతుకో పడిపోతుంది. అప్పుడు వచ్చేది 5 నుంచి 10. అదే 40 వాట్లదైతే ఆ ముసురులోనూ 20 నుంచి 40 వస్తుంది. ఎండని చూసి కొన్నవాడికి ఖర్చు తగ్గుతుంది, మబ్బుని చూసి కొన్నవాడికి పని జరుగుతుంది.

ఇదేదో కొత్త విద్య కాదు. అమెరికాలో బెల్ ల్యాబ్స్ సిలికాన్ సెల్‌ను చూపించింది 1954లో. నాలుగేళ్లకే, 1958 మార్చిలో, వాన్‌గార్డ్-1 ఉపగ్రహం సోలార్ సెల్స్‌తో కక్ష్యలోకి వెళ్లింది. అందులో బ్యాటరీతో నడిచే ట్రాన్స్‌మిటర్ ఆ జూన్‌లోనే మూగబోయింది. సెల్స్‌తో నడిచేది 1964 దాకా పలికింది. అయితే అక్కడ మబ్బులు లేవు, కాకి రెట్టలు లేవు, ఉప్పుగాలి అసలే లేదు. ఈ మూడూ కృష్ణా డెల్టాలో దండిగా ఉన్నాయి.

నాగాయలంక వైపు పెట్టె తలుపు తెరిస్తే ముందు కనిపించేది బ్యాటరీ కాదు, కందిరీగల గూడు. దాని వెనక నుంచి ఓ బల్లి. రాగి లగ్గు చుట్టూ పచ్చగా, తెల్లగా పొరలు కట్టిన చిలుము. దాన్ని వేణ్నీళ్లతో కడిగి, ఉప్పు కాగితంతో రుద్ది, బిగించి, పైన వ్యాజలైన్ పూయాలి. లేకపోతే బ్యాటరీ నిండుగా ఉన్నా కరెంటు బయటికి రాదు. ప్యానెల్‌లో సెల్స్ అన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి కనుక, ఒక్క సెల్ మీద కొంగ రెట్ట వేసినా మొత్తం రాబడి పడిపోతుంది. విజయవాడ అక్షాంశం పదహారున్నర డిగ్రీలు. నేను ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పి అంతకంటే ఇంకాస్త ఏటవాలుగా బిగిస్తాను. సగం మురికి వానే కడిగేస్తుంది.

ఈ పెట్టెలు నీటిమట్టంతో పాటు తమ బ్యాటరీ వోల్టేజీని కూడా పంపుతాయి. ఆ గడిని చూసేవాళ్లు తక్కువ. తెల్లవారుజామున, ప్యానెల్ మీద వెలుగు పడకముందు వచ్చిన అంకే అసలు నాడి. 12.6 అయితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 11.8 అయితే అయిపోవచ్చినట్టు. వారం వారం అది మెట్టు మెట్టుగా దిగుతుంటే, పెట్టె ఇంకా పలుకుతున్నా మనిషిని పంపాల్సిందే.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఎంత ఘోరం జరిగిందో బయటివాళ్లకు తెలియడానికే రోజులు పట్టింది. అది సముద్రం ఒడ్డు కదా అనుకోవచ్చు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు నడి నగరంలోనే కరెంటు పోయింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. పడవ తప్ప దారి లేని ఈలచెట్లదిబ్బకైనా, బెజవాడకైనా, వరద రోజున కరెంటు లేకపోవడం ఒక్కటే.

ఆ మధ్య ఓ లాకుల దగ్గర పని చేస్తుంటే అక్కడి లస్కరు వచ్చి, "ప్యానెల్ మీద రెట్ట నన్ను తుడవమంటారా బాబూ? ముట్టుకుంటే ఏమంటారోనని ఊరుకున్నా" అన్నాడు. రాత్రీ పగలూ ఆ గట్టునే ఉండే మనిషి! కాలువ గేజీని టార్చిలైటు వేసి చదివే మనిషికి ప్యానెల్ తుడవడం తెలియదా? ఎవరూ చెప్పలేదు, అంతే.

కాబట్టి టెండర్లు రాసే అధికారులకు ఓ విన్నపం. పెట్టె ధరతో పాటు మూడు సంగతులు రాయండి: ఎండ లేకుండా 10 రోజులు నడవాలి; బ్యాటరీ చచ్చాక కాదు, చావకముందే మార్చాలి; ప్యానెల్ తుడిచే పని స్థానిక లస్కరుకి అప్పగించి, దానికి నాలుగు డబ్బులివ్వాలి. ఊళ్లవాళ్లకు చెప్పేది ఒక్కటే. మీ కాలువ గట్టున ప్యానెల్ ఉన్న ఇనప స్తంభం కనిపిస్తే దానికి గేదెను కట్టకండి, ప్యానెల్‌కు అడ్డంగా కొమ్మ పెరిగితే కొట్టేయండి. రేపు వరదొస్తే అది ముందు చెప్పేది మీ ఊరి సంగతే.