ఫైలు వెంటే దాని గుణాలూ నడవాలి

ఆదోని మార్కెట్ యార్డులో పత్తికి ధర పలికించేది దాని గుణం. కొనుగోలుదారు దూది చేతిలోకి తీసుకుని పింజ లాగి పొడవు చూస్తాడు, తేమ చూస్తాడు. భారత పత్తి సంస్థ లెక్కలో తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే కొనుగోలే ఉండదు. అదే దూది జిన్నింగు మిల్లులో 170 కిలోల బేలుగా బిగిశాక లోపలి సంగతి చెప్పాల్సింది పైనున్న చీటీయే. చీటీ ఊడితే సరుకు ఉంటుంది గానీ, అదేమిటో చెప్పే ఆధారం పోతుంది.

కంప్యూటర్లో ఫైలుకూ అలాంటి వివరాలుంటాయి. వాటినే అట్రిబ్యూట్లు అంటాం. వాటిని ప్రోగ్రాములకు ఎలా అందించాలన్న విషయంలో యూనిక్స్ సంప్రదాయం మొదటినుంచీ శ్రద్ధ చూపింది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రూపొందించిన ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు 1971లో వచ్చిన తొలి మాన్యువల్లోనే ‘స్టాట్’ అనే సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ సిస్టమ్‌ను అడిగే మార్గం) ఉంది. ఫైలు పేరిచ్చి అడిగితే సైజు, యజమాని, అనుమతులు, చివరిసారి మారిన సమయం చెబుతుంది. ఈ వివరాలుండే చోటు ఐనోడ్. పేరు మాత్రం అందులో ఉండదు, డైరెక్టరీలో ఉంటుంది. అందుకే పేరు మార్చినా సైజూ యజమానీ అనుమతులూ చెక్కుచెదరవు, ఒకే ఫైలుకు రెండు పేర్లూ ఉండొచ్చు. హార్డ్ డిస్కయినా, పెన్‌డ్రైవయినా, నెట్‌వర్క్ అవతలి సర్వరయినా ప్రోగ్రామ్ అడిగే తీరు ఒక్కటే. ఈ సంప్రదాయపు అసలు బలం అదే.

అయితే స్టాట్ చెప్పేది ముందే నిర్ణయించిన కొన్ని వివరాలే. ఎమ్మిగనూరునే తీసుకోండి. 1938లో మాచాని సోమప్ప నేత సహకార సంఘాన్ని నిలబెట్టిన ఊరు అది. అక్కడి తువ్వాలు అంచు డిజైనును స్కాన్ చేసి దాచామనుకుందాం. నూలు కౌంటెంత, రంగేమిటి అన్నవి స్టాట్‌కు తెలియవు. అందుకే యూనిక్స్ బాటలో నడిచే లైనక్స్‌లో అదనపు అట్రిబ్యూట్లు వచ్చాయి. ‘యూజర్’ అనే విభాగం కింద ‘నూలు’ అని పేరు పెట్టి, ‘40 కౌంటు’ అని విలువ రాయొచ్చు. బొమ్మలో ఒక్క చుక్క కూడా మారదు. బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా ముందుకెళ్లింది. అందులో ఒక్కో ఈమెయిలూ ఒక ఫైలు. పంపినవారి పేరు, విషయం దాని అట్రిబ్యూట్లు. వాటికి ఇండెక్సు ఉండటంతో వెతుకులాట క్షణాల్లో తేలేది.

2017లో లైనక్స్‌కు ‘స్టాట్‌ఎక్స్’ చేరింది. ఏయే వివరాలు కావాలో ప్రోగ్రామ్ చెబుతుంది. వాటిలో ఏవి నిజంగా ఇవ్వగలిగిందో సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్ తిరిగి గుర్తుపెట్టి చెబుతుంది. లేనిదాన్ని లేదని చెప్పే ఈ నిజాయితీ ప్రతిచోటా ఉండాలి.

కాపీ దగ్గర అది లోపించింది. లైనక్స్‌లో మామూలు ‘సీపీ’ ఆజ్ఞ అదనపు అట్రిబ్యూట్లను వదిలేస్తుంది. అన్నీ కాపాడమనే ‘ఏ’ ఆప్షన్ ప్రయత్నిస్తుంది గానీ, కుదరకపోతే నోరు మెదపదు. ఫ్యాట్ పద్ధతి పెన్‌డ్రైవ్‌లో వాటికి చోటే లేదు. రాసుకున్న కౌంటు పోయిన సంగతి డిజైను మళ్లీ తెరిచేదాకా తెలియదు.

కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ చేయాల్సినవి మూడు. అన్ని అట్రిబ్యూట్లనూ ఒకే తీరున అడిగే వీలివ్వాలి. మనం రాసుకున్నవాటికీ సైజుకూ తేదీకీ ఇచ్చినంత విలువే ఇవ్వాలి. మోసుకెళ్లలేనప్పుడు ఆ మాట పైకి చెప్పాలి. ఆ రోజు వచ్చేదాకా మన జాగ్రత్త మనదే. బ్యాకప్ తీసేటప్పుడు అదనపు అట్రిబ్యూట్లను కాపాడమని విడిగా ఆజ్ఞ ఇవ్వండి, ఒక ఫైలును తిరిగి తెరిచి అవి ఉన్నాయో లేదో చూశాకే పాతది చెరపండి.