పాట ఎవరిది? – వెయిలర్స్ బృందం 'క్యాచ్ ఎ ఫైర్'

ప్రజల పాట మార్కెట్టులోకి వెళ్ళినప్పుడు మన విమర్శకులు ముందు వాద్యాలవైపు చూస్తారు. గిటారు చేరితే పాట చెడిందనీ, డప్పు మోగితే నిలిచిందనీ తీర్పు చెప్పేస్తారు. ఈ కొలబద్ద చాలదని తెలుసుకోవడానికి జమైకాకు చెందిన వెయిలర్స్ బృందం 1973 ఏప్రిల్లో వెలువరించిన 'క్యాచ్ ఎ ఫైర్' రికార్డును పరిశీలించాలి.

బాబ్ మార్లీ, పీటర్ టాష్, బన్నీ వెయిలర్ కింగ్‌స్టన్‌లోని ట్రెంచ్‌టౌన్ పేదవాడలో కలిసి పాడినవారు. పదేళ్ళుగా స్వదేశంలో పేరున్నా బయటి ప్రపంచం వారిని పెద్దగా ఎరుగదు. ఐలాండ్ కంపెనీ యజమాని క్రిస్ బ్లాక్‌వెల్ నాలుగు వేల పౌన్లు బయానా ఇచ్చి ఈ రికార్డు చేయించాడు. జమైకాలో పాడిన పాటలకు లండన్ స్టూడియోలో మెరుగులు దిద్దించాడు. రాక్ శ్రోతల కోసం వేన్ పెర్కిన్స్ గిటారూ, రాబిట్ బండ్రిక్ కీబోర్డూ చేర్చారు.

రూపం మారింది. మరి వస్తువు పలచబడిందా? లేదు. 'స్లేవ్ డ్రైవర్' పాట నాటి బానిస వ్యాపారాన్నీ నేటి దారిద్య్రాన్నీ ఒకే గొలుసుగా చూపుతుంది. రికార్డు పేరు కూడా ఆ పాటలోదే. టాష్ రచన '400 ఇయర్స్' నాలుగు శతాబ్దాల అణచివేతకు లెక్క అడుగుతుంది. 'కాంక్రీట్ జంగిల్'లో పెర్కిన్స్ గిటారు పట్నంలో ఊపిరాడని మనిషి గొంతుకు తోడు నిలిచిందే తప్ప దాన్ని కప్పివేయలేదు.

నష్టం మరోచోట జరిగింది. సిగరెట్ లైటరు ఆకారంలోని మొదటి అట్టమీద వున్నది బృందం పేరే. తర్వాతి ముద్రణల అట్టమీద గంజాయి చుట్ట కాలుస్తున్న మార్లీ ఒక్కడే వున్నాడు. పేరులోనూ అతడే ముందుకొచ్చాడు. 1974కల్లా టాష్, బన్నీ ఇద్దరూ విడిపోయారు. కారణాలు అనేకం కావచ్చు. కాని సమష్టి గొంతును ఒక తారగా మలచి అమ్మడం మార్కెట్టు స్వభావం.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 1980లో విడుదలైన 'మాభూమి' చిత్రంలో గద్దర్ పాడిన 'బండెనక బండి కట్టి' ఊరూరా మోగింది. దాని కర్త సాయుధ పోరాట కాలపు కవి బండి యాదగిరి అని ఎరిగినవారు ఎందరు? ఇది గద్దర్ గొంతు తప్పు కాదు. మన అలవాటు తప్పు. జానపదంలో కర్త పేరు లేకుంటే పాట అందరిదీ అవుతుంది. మార్కెట్టులో ఆ పేరు లేకుంటే పాట ఒక్కరిదే అవుతుంది.

కనుక ఇల్లందు గని కార్మికుల పాటనైనా, మన్యం కోయల పాటనైనా అచ్చువేసేటప్పుడు కట్టినవారెవరో, ఏ బృందం పాడిందో విచారించి రాయాలి. వాద్యాల చర్చ ఆ తర్వాత చేసుకోవచ్చు.