నాలుగు రూపాయల వడ్డీ

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు అప్పన్నది దాచుకునే సరుకు కాదు. పొలం తాకట్టు పెడితే ఊరందరికీ తెలుస్తుంది. చీటీ ఎవరు ఎంతకి పాడుకున్నారో వీధి వీధంతా చెబుతుంది. డ్వాక్రా సంఘంలో ఎవరి బాకీ ఎంతో మీటింగులో పుస్తకం తెరిచి చదువుతారు. కాళీపట్నం రామారావు మాస్టారి ‘యజ్ఞం’ కథే చూడండి. అందులో అప్పల్రాముడి బాకీ తేల్చడానికి సుందరపాలెం ఊరు ఊరంతా పంచాయితీకి కూర్చుంటుంది. ఆ కథ ఎక్కడ తేలిందో చదివినవాళ్లకి తెలుసు కాబట్టి పాతరోజులు బంగారమని నేననను. కానీ ఆ బాకీ ఎంతో, వడ్డీ ఎంతో, తీర్చాల్సింది ఎవరో అందరి ఎదుటా మాట్లాడుకున్నారు.

క్రెడిట్ కార్డు బాకీ మీద ఎవరూ కూర్చోరు. అది ఫోన్లో ఉంటుంది. ఫోనుకి లాకు ఉంటుంది. ఒకే మంచం మీద పడుకునే మనిషికి కూడా తెలీదు.

నేను బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. విజయనగరంలో మా వరండాలోకి తెలిసినవాళ్ల పిల్లలు కార్డు స్టేట్‌మెంట్లు పట్టుకుని వస్తుంటారు. పైడిభీమవరం మందుల కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లు, ప్రైవేటు స్కూలు టీచర్లు, వైజాగ్ పోయి వచ్చే సేల్స్ కుర్రాళ్లు. వచ్చిన ప్రతివాడూ కుర్చీలో కూర్చోకముందే అనే మాట ఒకటుంది. “సార్, ఇంట్లో తెలీదు.”

బాకీ తీర్చే పని ఇంట్లో చెప్పడంతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. లెక్కలు తర్వాత.

ఆమధ్య ఒక కుర్రాడొచ్చాడు. ఊరు రాజాం దగ్గర, ఉద్యోగం పైడిభీమవరంలో, జీతం చేతికి ఇరవై ఏడు వేలు. మూడు కార్డులు. ఒకదాని మీద పద్దెనిమిది వేలు, ఇంకోదాని మీద అరవై వేలు, మూడోదాని మీద డెబ్భై రెండు వేలు. తండ్రికి ఆపరేషన్, చెల్లెలికి సారె, మధ్యలో ఒక ఫోను. దుబారా మనిషేం కాదు. “రొటేషన్ చేస్తున్నాను సార్” అన్నాడు. అంటే ఒక కార్డు గీకి ఇంకో కార్డుకి కట్టడం. గీకి క్యాష్ ఇచ్చే షాపులు ప్రతి టౌనులోనూ ఉన్నాయి. నూటికి రెండో మూడో పట్టుకుని మిగతాది చేతిలో పెడతారు. సరుకు కొనకుండా కొన్నట్టు బిల్లు వేయడం దొంగ బేరమే. పైగా ఆ రెండు మూడు రూపాయలు కూడా బాకీలోకే చేరతాయి.

అరవై వేల కార్డు స్టేట్‌మెంటు తీసి బల్ల మీద పెట్టాను. పైన రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. మొత్తం బాకీ ఒకటి, ‘మినిమం డ్యూ’ రెండోది. మొదటిది చూస్తే గుండె జారుతుంది, రెండోది చూస్తే ఊపిరి పీల్చుకుంటాం. మనవాడు ఎప్పుడూ రెండోదే చూశాడు. మినిమం బాకీలో ఐదు శాతం అనుకుంటే మూడు వేలు. అది కట్టేసి ఈ నెల గండం గడిచిందనుకున్నాడు.

కిందికి వెళ్తే ‘ఫైనాన్స్ ఛార్జెస్’ అని ఒక వరస. నెలకి మూడున్నర శాతం చొప్పున 2,100 రూపాయలు. దాని కిందే జీఎస్టీ. మనం కట్టే వడ్డీ మీద 18 శాతం పన్ను, 378 రూపాయలు. రెండూ కలిపి 2,478. కట్టిన మూడు వేలలో అసలుకి పోయింది 522 రూపాయలు! మినిమం మాత్రమే కడుతూ పోతే బాకీ సగానికి దిగడానికే ఆరున్నరేళ్లు పడుతుంది, అది కూడా ఆ కార్డు మీద ఇంకేమీ కొనకుండా ఉంటే. మినిమం మాత్రమే కడితే బాకీ నెలలూ ఏళ్లూ సాగుతుందన్న హెచ్చరికను ప్రతి స్టేట్‌మెంటులోనూ వేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన. వేస్తున్నారు. ఏ మూల వేస్తారో, ఎంత అక్షరాల్లో వేస్తారో మీరే చూడండి.

మూడున్నర శాతమంటే ఆ కుర్రాడికి పట్టలేదు. ఏడాదికి 42 శాతమన్నాను, అదీ పట్టలేదు. మర్నాడు తల్లిని తీసుకురమ్మన్నాను. రానన్నాడు, తీసుకురానన్నాడు, ఆఖరికి తీసుకొచ్చాడు. ఆవిడ ఊళ్లో సంఘం లీడరు. ఆవిడకి శాతాలు చెప్పలేదు. పన్నుతో కలిపి నూటికి నెలకి నాలుగు రూపాయల పదమూడు పైసలు పడుతోందమ్మా అన్నాను.

“ఏట్రా నాయనా, నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చినావేటి? మనూళ్లో రెండుకే ఇస్తారు కదరా!”

వాడు తలొంచుకున్నాడు. ఆవిడ కోప్పడలేదు, ఏడవలేదు. “ఎన్ని కార్డులున్నాయి బాబూ?” అని నన్నే అడిగింది. సంఘం పుస్తకాలు చూసే మనిషికి బాకీ అంటే భయం ఉండదు, లెక్క ఉంటుంది. సమావేశం, పొదుపు, అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకం రాయడం అని పంచసూత్రాలు నేర్పారు వాళ్లకి. ఆ అయిదింట్లో కొడుకు పాటించింది ఒకటే, అప్పు.

ఆవిడ తన చేతి గాజులు రెండూ బ్యాంకులో పెట్టింది. తొంభై వేలు తెచ్చి డెబ్భై రెండు వేల కార్డు, పద్దెనిమిది వేల కార్డు ఒకే రోజు కట్టేశారు. గాజుల మీద రూపాయి వడ్డీ, అంటే నెలకి తొమ్మిది వందలు. మిగిలిన అరవై వేల కార్డుకి నెలకి ఆరు వేలు చొప్పున కట్టాలని రాసుకున్నారు. ఇంతకుముందు మూడు కార్డుల మీద ఒక్క వడ్డీ, పన్ను కలిపే నెలకి ఆరు వేల రెండు వందలు పోయేది. ఇప్పుడు అన్నీ కలిపి ఆరు వేల తొమ్మిది వందలు, అందులో అసలు కూడా తరుగుతోంది. నెలనెలా తప్పకుండా ఆరు వేలు కడితే ఆ కార్డు పద్నాలుగో నెలకి సున్నా. తర్వాత గాజులు విడిపించుకోవచ్చు. మధ్యలో ఏడాది నిండగానే వడ్డీ కట్టి బంగారం లోను తిరగరాయించుకోవడం మరిచిపోకూడదు.

ఇక్కడ ఒక కిటుకుంది. బాకీ తగ్గేకొద్దీ స్టేట్‌మెంటులో మినిమం కూడా తగ్గుతూ వస్తుంది. ఈ నెల మూడు వేలు, కొన్నాళ్లకి రెండున్నర, ఇంకొన్నాళ్లకి రెండు. దానితోపాటు మనం కట్టేదీ తగ్గించేస్తాం, పండక్కి బట్టలు కొంటాం. తగ్గించకూడదు. మొదటి నెల ఆరు వేలని రాసుకుంటే ఆఖరి నెల దాకా ఆరు వేలే. ఏ అంకె కట్టాలో బ్యాంకు నిర్ణయించకూడదు, మన నోటుపుస్తకం నిర్ణయించాలి. జీతం పడ్డ రోజే కట్టేయాలి. గడువు తేదీ దాకా ఆగితే ఆ డబ్బు చేతిలో ఉండదు, ఉన్నా మనసు ఊరుకోదు.

రెండో సంగతి కార్డు వాడకం ఆపడం. బాకీ మిగిలి ఉన్నంతకాలం వడ్డీ లేని గడువు మనకి వర్తించదు. ఇవాళ కొన్న పెట్రోలుకి ఇవాళ్టి నుంచే వడ్డీ. చాలామందికి ఇది తెలీదు. గడువు దాకా నలభై రోజులు ఫ్రీ అనుకుని కొంటూనే ఉంటారు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకునే వీలొచ్చింది. అప్పణ్ణించి గంటస్తంభం దగ్గర టీ కొట్టు క్యూఆర్ మీద కూడా అప్పే గీకుతున్నాం. ముందు ఆ లింకు తీసేయండి.

మూడు నాలుగు కార్డులుంటే ఏది ముందు? వడ్డీ ఎక్కువున్నది ముందు తీర్చమని లెక్క తెలిసినవాళ్లంటారు. లెక్క ప్రకారం అదే సరి. నేను మాత్రం చిన్న బాకీ ముందు తీర్చమంటాను. మన ఊళ్లలో దొరికే కార్డుల వడ్డీల మధ్య తేడా పెద్దగా ఉండదు. ఒక కార్డు సున్నా అయితే ఇంట్లో అందరికీ నమ్మకమొస్తుంది. నా పాత సహోద్యోగులు ఇది చదివితే నన్ను తిడతారు, తిట్టనీ.

బంగారం లేనివాళ్లేం చేయాలి? ఆ బాకీని ఈఎంఐగా మార్చమని కార్డిచ్చిన బ్యాంకునే అడగండి. ప్రాసెసింగ్ ఫీజుతో కలిపి చూసినా, కార్డు వడ్డీకంటే సాధారణంగా చాలా తక్కువే పడుతుంది. ఉద్యోగముంటే పర్సనల్ లోను ఇంకో దారి. రెండింటికీ షరతు ఒక్కటే. ఖాళీ అయిన కార్డుని మళ్లీ నింపకూడదు. లోనూ కడుతూ కార్డూ గీకితే మనిషి రెండు చోట్ల మునుగుతాడు.

అసలీ వడ్డీకి అడ్డే లేదా అని అడుగుతారు. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ 30 శాతం దాటితే అన్యాయమని చెప్పింది. బ్యాంకులు సుప్రీం కోర్టుకెళ్లాయి. 2024 డిసెంబర్ 20న సుప్రీం కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. కాబట్టి ఇప్పుడు పైన కప్పు లేదు. ఉన్నవి నిబంధనలే. గడువు దాటి మూడు రోజులు మించితేనే లేటు ఫీజు వేయాలి. అడక్కుండా కార్డు ఇవ్వకూడదు. ఈ సంగతులు రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో ఉన్నాయి.

రికవరీ ఫోన్ల గురించి రెండు మాటలు. ఉదయం ఎనిమిదికి ముందూ, రాత్రి ఏడు తర్వాతా ఫోన్ చేయకూడదు. చుట్టాలకీ స్నేహితులకీ చెప్పి పరువు తీయకూడదు. అయినా చేసేవాళ్లున్నారు. “మీ నాన్నకి ఫోన్ చేస్తాం” అన్న ఒక్క మాటతో కుర్రాళ్లు వణికిపోయి యాప్‌లో ఇంకో అప్పు చేస్తారు. తల్లికి ముందే తెలిసిన ఇంట్లో ఆ బెదిరింపు చెల్లదు. రాజాం కుర్రాడికి అలాంటి ఫోనొకటి వస్తే ఆవిడే తీసింది. “నాకు తెలుసు బాబూ. పదో తారీకున కట్టేసినాం, సూసుకో” అని పెట్టేసింది. హద్దు దాటితే ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెల లోపు సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఖర్చు లేదు.

ఎగ్గొట్టి ఊరు మారిపోతే? ‘కన్యాశుల్కం’ నాటకం మొదలయ్యేదే మన విజయనగరం బొంకులదిబ్బ మీద, ఊళ్లో బాకీలు పెట్టి ఉడాయించే గిరీశంతో. ఆ రోజుల్లో ఊరు దాటితే బాకీ దాటినట్టే. ఇప్పుడు మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రికార్డు హైదరాబాదుకీ వస్తుంది, ఇంటి లోను అడిగిన రోజున బయటపడుతుంది. సగం కట్టి సెటిల్‌మెంట్ చేసుకోమని ఏజెంటు ఊరిస్తాడు. దారేమీ లేనివాడికి అది తప్పదేమో. కట్టగల వాడు మాత్రం ఆ జోలికి పోకూడదు. రికార్డులో ‘క్లోజ్డ్’ అని పడటం వేరు, ‘సెటిల్డ్’ అని పడటం వేరు. రెండోది చూసిన బ్యాంకు మళ్లీ అప్పివ్వడానికి వెనకాడుతుంది.

మనవాళ్లకి ఈ కార్డు కొత్తేమీ కాదు. పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో మొదట తెచ్చిన బ్యాంకుల్లో అదొకటి. అప్పట్లో అది ఏ కొద్దిమందికో ఇచ్చేవారు. ఇప్పుడు దేశంలో కార్డులు పది కోట్లు దాటాయి, మాల్ గుమ్మంలోనే టేబులేసి ఇస్తున్నారు. ఇచ్చేవాడికి టార్గెట్ ఉంది. తీసుకునేవాడికి ఇంట్లో ఒక్కరైనా సలహా చెప్పే మనిషుండాలి.

బాకీ తీరాక కార్డు ఉంచుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. ప్రతి నెలా మొత్తం బాకీ, పైసా మిగల్చకుండా కట్టగలిగితే ఉంచుకోండి. అలా కడితే వడ్డీ పడదు, నలభై రోజుల వాడకం నిజంగానే ఉచితం. ఆ నమ్మకం లేకపోతే మూసేయండి. బాకీ సున్నా ఉన్న కార్డుని మూయమని అడిగితే ఏడు పని దినాల్లో మూయాలి. మూయకపోతే ఆ తర్వాత రోజుకి 500 రూపాయల చొప్పున మీకే ఎదురు కట్టాలి. బాకీ లేదన్న కాగితం తీసుకుని బీరువాలో పెట్టుకోండి, కొన్ని నెలలాగి సిబిల్ రిపోర్టు చూసుకోండి. ఏడాదికొకసారి అది ఉచితం.